పెద్దమ్మతో తంజావూరు

తిరువయ్యారులో కొన్న అశోకా హల్వా ఇంకా సగం డబ్బా ఉంది. అది అయిపోయేలోగా ఇది రాసేయాలని కూర్చున్నాను. తర్వాతైతే ఏ రోజు ఎక్కడ తిరిగామో కలగాపులగం అయిపోతుంది.

పెద్దమ్మ ముప్ఫై నాలుగేళ్ళు తెలుగు పాఠం చెప్పి రిటైరైంది. మొన్న దసరా తర్వాత రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయింది. దూరం బాగానే కనిపిస్తోంది, సన్నక్షరాలు మాత్రం పది నిమిషాలు చదివితే కళ్ళు లాగుతాయి. అందుకని మా ఇంట్లో కొత్త ఏర్పాటు: నేను పైకి చదవాలి, ఆవిడ వినాలి, తప్పు చదివితే తిట్టాలి. ఈ మధ్య చదువుతున్నది చేమకూర వేంకటకవి విజయవిలాసం, తాపీ ధర్మారావుగారి హృదయోల్లాస వ్యాఖ్యతో. ఓ రాత్రి కృతిపతి, తంజావూరు రాజు రఘునాథ నాయకుడి పొగడ్తలు చదువుతుంటే ఆపి అంది: "ఇవన్నీ ఆయన ఏ ఊళ్ళో కూర్చుని విన్నాడో చూడాలే. నాలుగు వందల ఏళ్ళయినా ఊరు అక్కడే ఉంటుందిగా." అదీ మా తంజావూరు ప్రయాణానికి కారణం. పుస్తకం కూడా సంచీలో పెట్టుకున్నాం.

ఫిబ్రవరి 5, బుధవారం. తంజావూరు

పొద్దున్నే స్నానాలు కానిచ్చి, హోటల్ కింద ఇడ్లీ తిని, ఆటో ఎక్కి కోటలోకి వెళ్ళాం. ఆటోకి 120. "సరస్వతి మహల్" అనగానే డ్రైవరు తల ఊపాడు కానీ ఏదో చెప్పబోయి ఊరుకున్నట్టు అనిపించింది. అక్కడికి వెళ్ళాక అర్థమైంది. బుధవారం లైబ్రరీకి సెలవు. నేను బ్యాంకులో పనిచేస్తాను. ఆదివారం సెలవుండే లోకం నాది. బుధవారం సెలవుండే చోట్లు ఉంటాయని తోచనేలేదు.

పెద్దమ్మ నన్నేమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ. "సరే, రాజుగారి కొలువు కూటమైనా చూద్దాం పద" అని ముందుకు నడిచింది. కోట లోపల ఒకదాని పక్కన ఒకటి చాలా ద్వారాలున్నాయి, దేని టికెట్టు దానిదే. మేం దర్బారు హాలు అనుకుని కొన్న టికెట్టు ఇంకో దానిది. శిల్పాల మధ్య గంట తిరిగాక ఆ సంగతి తెలిసింది. కంచు విగ్రహాలు అద్భుతంగా ఉన్నాయి కాబట్టి నష్టమేం లేదు. ఒక పార్వతి నడుము ఒంపు దగ్గర పెద్దమ్మ చాలాసేపు నిలబడి, "కవులు అతిశయోక్తి రాశారనుకున్నాను, చూసే రాశారన్నమాట" అంది.

మధ్యాహ్నం భోజనం ఒక పాత మెస్సులో. అరిటాకు మీద వడ్డన, 110 రూపాయలు. మనలాగా పప్పుతో మొదలవుతుందని పెద్దమ్మ ఆశ. ఒక చెంచాడు ముద్దపప్పు, దాని మీద చుక్క నెయ్యి వేసి, అది కలుపుకునేలోపే సాంబారు పోసేశాడు. సాంబారు తర్వాత వత్తకుళంబు అనే పులుసు, తర్వాత రసం, తర్వాత మజ్జిగ. సాంబారు పుట్టింది ఈ ఊళ్ళోనే, మరాఠా రాజుల వంటింట్లోనే అని ఇక్కడివాళ్ళు గట్టిగా చెబుతారు. పెద్దమ్మ సంచీలోంచి చిన్న ఆవకాయ సీసా తీసింది. వడ్డించే కుర్రాడు ఆగి చూశాడు. "కొంచెం వేసుకుంటావా నాన్నా?" అని తెలుగులోనే అడిగింది. వాడు చెయ్యి చాపాడు. నాలిక మీద పెట్టుకుని, కళ్ళు పెద్దవి చేసి, లోపలికి పరుగెత్తి వంటమనిషిని వెంటబెట్టుకొచ్చాడు. లేచేసరికి సీసాలో మూడో వంతు లేదు.

సాయంత్రం పెద్ద గుడి. రాజరాజ చోళుడు 1010 నాటికి కట్టించిన ఈ బృహదీశ్వరాలయం గురించి అందరూ చెప్పేది గోపురం ఎత్తు గురించే. నేనూ తలెత్తి చూశాను, మెడ నొప్పెట్టింది. కానీ మేం ఎక్కువసేపు గడిపింది కింద, గోడల దగ్గర. గుడి చుట్టూ పీఠం మీద వరసగా అక్షరాలే. గుడిలో సేవ చేయడానికి వేరు వేరు ఊళ్ళ నుంచి తెచ్చిన నాలుగు వందల మంది నాట్యకత్తెల పేర్లు, ఒక్కొక్కరు ఏ వీధిలో ఏ వరసలో ఎన్నో ఇంట్లో ఉండాలో, ఏడాదికి 100 కలాల (కలం అంటే అప్పటి కొలత) ధాన్యం ఇవ్వాలని, అన్నీ రాయి మీద చెక్కించాడు. గైడు ఇంకెవరికో చెబుతుంటే పక్కన నిలబడి ఉచితంగా విన్నాం. పెద్దమ్మకి ఇంటి నంబర్లు తెగ నచ్చేశాయి. "వెయ్యేళ్ళ కిందట రాజుకి తెలుసు ఎవరింటి నంబరెంతో. మా వీధిలో పోస్టుమాన్‌కి ఇప్పటికీ తెలీదు."

ఇంకో పక్క గోడ మీద మరాఠీ. 1803లో మరాఠా రాజు రెండో శరభోజి తన భోంస్లే వంశం కథంతా చెక్కించుకున్నాడు. ఎదురుగా ఉన్న పెద్ద నంది నాయకరాజులు పెట్టించింది. తమిళ రాజు గుడి, తెలుగు రాజుల నంది, మరాఠీ రాజు గోడ. ఎండ దిగాక రాయి ఇంకా వెచ్చగా ఉంది. ఊళ్ళోవాళ్ళు పిల్లల్ని తీసుకొచ్చి ఆ వెచ్చటి అరుగుల మీద కూర్చుని పులిహోర తింటున్నారు. మేమూ కూర్చున్నాం. నేను నాలుగు పద్యాలు చదివాను. పక్కన కూర్చున్న ముసలాయన వింటూ వింటూ తొడ మీద తాళం వేశాడు. తెలుగు రాదట. "పాట్టు?" అని అడిగాడు. పాట కాదు, పద్యం అని ఎలా చెప్పాలో తెలీక ఔనన్నాను.

ఫిబ్రవరి 6, గురువారం. సరస్వతి మహల్

తలుపులు తీసే వేళకే వెళ్ళి నిలబడ్డాం. నాయకరాజుల కాలంలో కొలువు గ్రంథాలయంగా మొదలై, మరాఠా రాజుల చేతిలో పెరిగి, 1918లో అందరికీ తెరుచుకుంది. తాటాకులూ కాగితాలూ కలిపి నలభై వేలకు పైగా వ్రాతప్రతులున్నాయంటారు. మనలాంటి వాళ్ళకి చూపించేది ఒక మ్యూజియం హాలు. అసలు ప్రతులు కావాలంటే పరిశోధకులై ఉండాలి, అర్జీ పెట్టుకోవాలి. ఫోటోలు తీయనివ్వరు. నాకు అదే మంచిదైంది. ఫోన్ సంచీలో పడేసి కళ్ళతో చూశాను.

రెండో శరభోజి వింతమనిషి. డేనిష్ మిషన్ పాదిరీ ష్వార్జ్ దగ్గర చదువుకున్నాడు. 1798 నుంచి 1832 దాకా ఏలాడు. రాజ్యం పేరుకే, అధికారమంతా కంపెనీవాళ్ళదే. చేతిలో మిగిలిన డబ్బూ తీరికా పుస్తకాల మీద పెట్టాడు. ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మను పుస్తకాలు వేలల్లో కొని, వాటి మీద తన సంతకం పెట్టుకునేవాడు. మనం కొత్త పుస్తకం కొనగానే మొదటి పేజీలో పేరూ తేదీ రాసుకుంటామే, అలాగే. గాజు అలమారాల్లో ఆయన తెప్పించిన బొమ్మలున్నాయి. మనిషి ముఖం పక్కన పక్షి ముఖం, ఎద్దు ముఖం పెట్టి పోలికలు చూపించే బొమ్మలు. ఒక గుడ్లగూబ మనిషిని చూసి మా బ్రాంచిలో ఒకాయన గుర్తొచ్చి నవ్వాపుకోలేకపోయాను. దాని తర్వాత చైనాలో నేరస్తుల్ని ఎలా హింసించేవాళ్ళో చూపించే రంగుల పటాలు. అవి ఎందుకు కొన్నాడో మహానుభావుడు.

ఇంకో సంగతి. ఈ రాజుగారికి కంటి వైద్యం మీద మహా ఆసక్తి. శుక్లాల ఆపరేషన్లు చేసేవాడని అంటారు. రోగుల వివరాలు, కళ్ళ బొమ్మలతో సహా రాయించిన కాగితాలు ఈ లైబ్రరీలోనే భద్రంగా ఉన్నాయి. ఆ మాట చెబితే పెద్దమ్మ నల్లద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "మత్తుమందు లేకుండానా!" అని మాత్రం అంది.

అసలు విషయం హాలు చివర ఉంది. గాజు పెట్టెలో తెలుగు తాటాకు. జానెడున్నర పొడవు, రెండు వేళ్ళ వెడల్పు, మధ్యలో తాడు కోసం చిల్లు. అంత చిన్న ఆకు మీద ఏడో ఎనిమిదో వరసలు. "చదవవే" అంది పెద్దమ్మ, ఇంట్లో అన్నట్టే. నేను వంగి చూశాను. తెలుగే. ఒక్కో అక్షరం గుర్తుపడుతున్నాను. కానీ ఒక్క మాట అందదు. మాటకీ మాటకీ మధ్య ఖాళీ లేదు, చుక్క లేదు, పాదం విరుపు లేదు. చీమల బారులా ఈ చివర నుంచి ఆ చివరకి పాకింది.

"రాదు పెద్దమ్మా."

"అలా కాదు. అక్షరాలు ఒక్కొక్కటే చెప్పు, నేను పట్టుకుంటాను."

చెప్పడం మొదలుపెట్టాను. ఆవిడ కళ్ళు మూసుకుని వేళ్ళ మీద లెక్క. ఒక చోట 'సవ' అని చదివాను. "పక్కన గిలకేమైనా ఉందా?" ఉంది. కొక్కెం లాంటిది. "అది వలపలగిలక. 'వ'కి ముందు ర కలిపి సర్వ అని చదువు." ఇంకాస్త పోయాక ఆపింది. "అదిగో ఆ 'న' నుంచి ఇరవై అక్షరాలు లెక్కపెట్టు. ఇరవయ్యోది మళ్ళీ 'న'యేనా?" లెక్కపెట్టాను. కాదు. "అయితే ఇరవయ్యొకటి?" న! "చంపకమాల" అంది కళ్ళు తెరిచి, దారిలో ఎదురైన చుట్టాన్ని పలకరించినట్టు. చంపకమాలకి పాదానికి ఇరవయ్యొక్క అక్షరాలు, ప్రతి పాదంలో రెండో అక్షరం ఒకటే. ఆ ప్రాస దొరికింది కాబట్టి పాదం దొరికింది, పాదం దొరికాక యతి, యతి దొరికాక మాటలు విడిపోవడం మొదలయ్యాయి. ఇరవై నిమిషాలు పట్టింది, ఒక్క పద్యంలో రెండు పాదాలకి. ఏదో తోట వర్ణన. గొప్ప పద్యమేం కాదని కూడా తేల్చేసింది. వాచ్‌మన్ రెండుసార్లు దగ్గరకొచ్చి చూసి, మూడోసారి స్టూలు తెచ్చి పెద్దమ్మకి వేశాడు.

బయట అమ్మకాల బల్ల దగ్గర లైబ్రరీవాళ్ళు అచ్చేసిన తెలుగు పుస్తకాలు అడిగాం. లోపలికెళ్ళి వెతికి, దుమ్ము దులిపి తెచ్చారు. రెండు పుస్తకాలకీ కలిపి 200 లోపే. "తెలుంగు అడిగేవాళ్ళు తక్కువమ్మా" అన్నాడాయన, క్షమాపణ చెబుతున్నట్టు. క్షమాపణ చెప్పుకోవలసింది మేమేమో.

ఫిబ్రవరి 7, శుక్రవారం. తిరువయ్యారు

టౌను బస్సు. ఇక్కడ మామూలు టౌను బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్టు లేదు. పెద్దమ్మ నమ్మలేదు. ఇరవై రూపాయల నోటు పట్టుకుని కండక్టరు వెనకే తిరిగింది. అతను నోటు తీసుకోడు, ఈవిడ జేబులో పెట్టనివ్వదు... చివరికి ముందు సీటులో పూలమ్మే ఆవిడ ఆ నోటు లాక్కుని, రెండు మూరల మల్లెపూలు కోసి పెద్దమ్మ ఒళ్ళో పడేసింది. అలా తీరింది తగువు.

కావేరిలో నీళ్ళు సన్నగా ఉన్నాయి. మేట్టూరు డ్యామ్ జనవరి చివర్లో మూసేస్తారు కదా. ఇసక మధ్యలో పాయ, పాయలో గేదెలు. ఒడ్డున త్యాగరాజస్వామి సమాధి. ఆరాధన ఉత్సవం అయిపోయి మూడు వారాలైంది. పందిరి గుంజల గుంటలు ఇంకా పూడలేదు. మనుషులు పదిమంది కూడా లేరు. టీవీలో చూసిన జనానికీ ఈ నిశ్శబ్దానికీ పొంతన లేదు.

పెద్దమ్మ స్వామికి దండం పెట్టి, వెంటనే వెనక్కి తిరిగింది. ఎదురుగా చేతులు జోడించుకుని కూర్చున్న స్త్రీ విగ్రహం. గాయని బెంగుళూరు నాగరత్నమ్మ. మేం వచ్చింది సగం ఈవిడ కోసమే. ఈ సమాధి పాడుబడిపోతోందని తెలిసి, స్థలం కొని, తన డబ్బుతో మండపం కట్టించింది. అప్పట్లో ఇక్కడ ఆరాధనలో ఆడవాళ్ళని పాడనిచ్చేవాళ్ళు కాదు. తనే ఆడవాళ్ళ జట్టు కట్టి పాడించింది. 1952లో పోయింది.

ఇదంతా సంగీతం తెలిసినవాళ్ళు చెప్పే కథ. పెద్దమ్మది ఇంకో కథ. "నాకు ఈవిడ పుస్తకాల మనిషి" అంది అరుగు మీద కూర్చుంటూ. ఇదే తంజావూరులో ప్రతాపసింహుడి కాలంలో ముద్దుపళని రాసిన రాధికాసాంత్వనం అనే శృంగార కావ్యం అప్పటికే ఒకసారి అచ్చయింది, కానీ పద్యాలు కత్తిరించి. నాగరత్నమ్మ చేతిరాత ప్రతి సంపాదించి, పోయిన పద్యాలన్నీ చేర్చి, 1910లో వావిళ్ళవారి చేత వేయించింది. వీరేశలింగంగారంతటివారు ముద్దుపళనిని తిట్టిపోసి ఉన్నారు. ఈవిడ పీఠికలో ఆయనకే ఎదురు ప్రశ్నలు వేసింది. మగ కవులు రాస్తే లేని సిగ్గు ఆడది రాస్తేనే ఎందుకొచ్చిందని. తర్వాత ప్రభుత్వం నిషేధించింది, ప్రతులు పట్టుకుపోయారు. ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రధాని అయ్యాక గానీ ఆ నిషేధం పోలేదు.

"మా కాలేజీ లైబ్రరీలో బీరువా తాళం వేసి ఉంచేవాళ్ళు దాన్ని" అంది పెద్దమ్మ.

"మరి నువ్వెలా చదివావు?"

"తాళంచెవి అటెండరు దగ్గరుండేది. వాళ్ళావిడకి నేను ఉత్తరాలు రాసిపెట్టేదాన్ని."

నలభై ఐదేళ్ళుగా ఎరిగిన పెద్దమ్మ. ఈ ముక్క ఇప్పటిదాకా చెప్పలేదు.

మేం మాట్లాడుకుంటుంటే పక్కన ఒక పిల్ల సాధన చేసుకుంటోంది. పదహారు పదిహేడేళ్ళుంటాయి. ఒక మాట దగ్గర పెద్దమ్మ తల అడ్డంగా ఊగింది. పిల్ల చూడనే చూసింది. పాట ఆపి, దగ్గరకొచ్చి నోటుబుక్కు చూపించింది. తమిళ అక్షరాల్లో తెలుగు కీర్తన. అక్షరాల నెత్తి మీద చిన్న చిన్న అంకెలు. ఏమిటో అనుకున్నాను. వాళ్ళకి క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. అందుకని 'క'కి ఒకటి, 'ఖ'కి రెండు, 'గ'కి మూడు, 'ఘ'కి నాలుగు. మనం అఆలతో పాటు అప్పనంగా వచ్చిందనుకునేదాన్ని ఆ పిల్ల లెక్క కట్టి నేర్చుకుంటోంది. తప్పు పోయిన మాట 'చక్కని'. తను 'జక్కని' అంటోంది.

"అర్థం ఏమిటి పాట్టీ?" అని అడిగింది ఇంగ్లీషులో.

"అళగాన" అంది పెద్దమ్మ, తనకొచ్చిన పాతిక తమిళ మాటల్లోంచి ఒకటి ఏరి.

పిల్ల ముఖం విప్పారింది. మూడేళ్ళుగా ఆ పాట పాడుతోందట. మళ్ళీ మొదలుపెట్టి పాడింది. మాట తెలిసిన తేడా గొంతులో వినపడిందని రాయాలని ఉంది, నిజానికి నాకంత జ్ఞానం లేదు. పెద్దమ్మకి వినపడిందట.

హల్వా బజారు వీధిలో కొన్నాం. పెసరపప్పుతో చేస్తారు, నోట్లో పెట్టగానే జారిపోతుంది. పావుకిలో 100. అరకిలో తీసుకున్నాం, బస్టాండుకి వెళ్ళేలోపే అందులో వంద గ్రాములు ఖర్చు.

ఫిబ్రవరి 8, శనివారం. మేలట్టూరు

ఇది ప్లానులో లేదు. వైశాఖంలో నరసింహ జయంతికి ఈ ఊళ్ళో తెలుగు నాటకాలు ఆడతారు, భాగవత మేళా. మగవాళ్ళే ఆడవేషాలు కట్టి రాత్రంతా ఆడతారు. మేలట్టూరు వేంకటరామశాస్త్రి రాసిన ప్రహ్లాద చరిత్రం వాటిలో ముఖ్యం. ఫిబ్రవరిలో ఏముంటుంది, ఏమీ ఉండదు. "నాటకం లేకపోతే వీధన్నా ఉంటుందిగా" అంది పెద్దమ్మ. ఈవిడ ఊళ్ళని అలాగే నమ్ముతుంది.

బస్సు దిగి ఒక ఆటోవాణ్ణి "భాగవత మేళా" అన్నాం. అతను తిన్నగా తీసుకెళ్ళి ఒక పెంకుటింటి ముందు ఆపాడు. లోపల గోడకి డోళ్ళు. వాళ్ళ భాషలో మేళం అంటే నాదస్వరం బృందమట. పెళ్ళికి మేళం మాట్లాడుకోవడానికి వచ్చామనుకున్నాడు. ఆ ఇంటాయన నవ్వి, మజ్జిగ ఇచ్చి, ముహూర్తం ఎప్పుడని అడిగి, లేదని తెలిసి ఇంకా నవ్వి, తన మనవణ్ణి తోడిచ్చి అసలు వీధికి పంపాడు.

వరదరాజస్వామి గుడి ఎదురు వీధి. రెండు పక్కలా అరుగులు. ఒక అరుగు మీద ఎనభై దాటిన పెద్దాయన పేపరు చదువుతున్నాడు, తమిళ పేపరు. మమ్మల్ని చూసి, మా మాట విని, "ఎక్కడ నుంచి వస్తిరి? అన్నము తింటిరా?" అన్నాడు. పెద్దమ్మ నా చెయ్యి గిల్లింది. ఎన్నో తరాలుగా ఆ ఇంట్లో తెలుగే. రాయడం, చదవడం మాత్రం తమిళం. తెలుగు అక్షరం ఒక్కటి రాదాయనకి. చిన్నప్పుడు ప్రహ్లాదుడు వేశాడట, పెద్దయ్యాక లీలావతి. అడగ్గానే దరువు ఒకటి ఎత్తుకున్నాడు. గొంతు వణుకుతోంది, మాట వణకడం లేదు. పెద్దమ్మ చదివిన తెలుగుకీ ఆయన నోట్లో ఉన్న తెలుగుకీ మధ్య నాకు కొంచెం కొంచెం దుబాసీ పని కూడా పడింది.

కాఫీ అయ్యాక ఆయన లోపలికెళ్ళి గుడ్డలో చుట్టిన పొడుగాటి నోటుబుక్కు తెచ్చాడు. వాళ్ళ తాతది. తెలుగులో ఉంది. ఇంట్లో చదవగలిగినవాళ్ళు లేరు. పిల్లలు చెన్నైలో, అమెరికాలో. "నాటకమో, కీర్తనలో అయి ఉండవలె" అన్నాడు. రోజూ పూజలో పెడతాడట.

సిరా వెలిసిపోయింది. చేతిరాత వాలుగా, గొలుసుకట్టు. నేను అక్షరాలు పలికాను, పెద్దమ్మ కలుపుకుంటూ పోయింది. చిత్రభాను సంవత్సరం, వైశాఖ శుద్ధ చతుర్దశి. వేళ్ళ మీద లెక్క వేసి "1942" అంది. తర్వాత వరసలు: పెట్రోమాక్సు లైట్లు అద్దె. నెయ్యి రెండు శేర్లు. కిరసనాయిలు దొరకలేదు, రెండు దీపాలతో సరి. జడకి సవరం అరువు. హిరణ్యకశిపుడికి జ్వరం, కషాయం ఇచ్చితిమి.

నేను ఆగిపోయాను. పూజలో పెట్టుకున్న పుస్తకం. ఇది జమాఖర్చు అని ఎలా చెప్పడం? పెద్దమ్మ మాత్రం గొంతు ఏమాత్రం మార్చకుండా చదివేసింది. పెద్దాయన ఒక క్షణం అలాగే చూశాడు. తర్వాత భుజాలు కదిలాయి, కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు, కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. "జ్వరమే! ఆ హిరణ్యకశిపుడు మా తాతనే!"

లోపలి నుంచి కాగితాలు, పెన్ను తెప్పించాడు. మళ్ళీ మొదటి నుంచి చదవమన్నాడు, నెమ్మదిగా. పెద్దమ్మ చెబుతోంది, ఆయన తమిళ అక్షరాల్లో రాసుకుంటున్నాడు. అక్షరాల నెత్తి మీద బుజ్జి బుజ్జి అంకెలు. మా బస్సు మూడింటికి. రెండున్నరకి గుర్తు చేశాను. ఎవరూ వినలేదు. తర్వాతి బస్సు 4.40కి ఉందని మేళం ఇంటి కుర్రాడు చెప్పి, తనూ అరుగెక్కి కూర్చున్నాడు.

"ప్రహ్లాదుని ఘట్టం వరకు వాన ఆగెను" అంది పెద్దమ్మ.

ఆయన పెన్ను ఎత్తి, "కట్టమా?" అన్నాడు. "మూడా, నాలుగా?"

"నాలుగు. ఊపిరి వదిలి పలకండి."

పలికి, చూసుకుని, 'క' మీద నాలుగు వేశాడు. "ఊ, చెప్పండి. వాన ఆగెను, తర్వాత?"